నలభై ఆరేళ్ళ బల్ల

ఆ పెద్దాసుపత్రిలో బల్లలకు, కుర్చీలకు, బీరువాలకు ఒక యముడుండేవాడు. నేలమాళిగలో సామాను కొట్టు గుమస్తా. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. వార్డు ఆయా నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ ఆయన కండెం బాబాయే. ఫలానా వస్తువు పాడైందని కాగితం వచ్చిందంటే చాలు, దాని మీద ‘కండెం’ అని ముద్ర గుద్ది, ‘పూర్తిగా తొలగించవలెను’ అని రాసి, కింద సంతకం గీకేవాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ‘మరమ్మతుకు తగినది’ అని ఒక్కసారైనా రాసిన పాపాన పోలేదు.

చెక్క మీద ఆయనకేమీ పగ లేదు. మరమ్మతంటే వడ్రంగిని పిలవాలి, వడ్రంగి మేకులడుగుతాడు, మేకులకు ఇంకో కాగితం పెట్టాలి, బల్ల మళ్ళీ ఊగితే మళ్ళీ కాగితం. తొలగిస్తే ఒక్క కాగితంతో పీడ విరగడ. ఇంత సుళువు తనకొక్కడికే తట్టిందని ఆయనకు లోలోపల గర్వం కూడా. ఏ డాక్టరైనా వచ్చి, “ఒక్క కాలే కదండీ విరిగింది, తక్కినదంతా బాగానే ఉంది” అని బతిమాలితే, “కాలు పోయాక తక్కినది ఎన్నాళ్ళుంటుందండీ?” అనేవాడు. ఎముకల డాక్టరుతో కూడా అన్నాడా మాట. అనడానికి గుండె ఉండాలి.

అలాంటి మనిషి ఇంట్లోకే ఆ ఏడు జబ్బు వచ్చింది. ఆయన భార్య పసిపిల్లల బడిలో టీచరమ్మ. నలభైమంది పిల్లలు, ఎనభై ముక్కురంధ్రాలు, ఏడాది పొడవునా కారుతూనే ఉంటాయి. సొంత పిల్లలు కలగని ఆవిడకు ఆ ముక్కులు తుడవడంలోనే ఏదో తృప్తి ఉండేది. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోందని, ఎడమ పక్కటెముకల కింద ఏదో బరువు వేలాడుతోందని కొన్నాళ్ళు చెప్పింది. ఆయన “గ్యాసు” అన్నాడు. చివరికి స్కానింగు తీస్తే ప్లీహం పైకొసన ఒక తిత్తి, పిల్లలాడుకునే బంతంత, నీళ్ళతో నిండి కనబడింది.

దానికి ఆసుపత్రిలో రెండు మందులున్నాయి, ఇద్దరు డాక్టర్ల రూపంలో. పెద్ద సర్జన్‌గారు పాతకాలపు చెయ్యి. “ప్లీహం మొత్తం తీసిపారేద్దాం. అది లేకపోయినా మనిషి బతుకుతాడు,” అన్నాడు. రెండో ఆవిడ చిన్నవయసు డాక్టరు. పొట్ట నిలువునా కోయకుండా నాలుగు చిన్న చిల్లులు పెట్టి, కెమెరా దూర్చి పని కానిస్తుందని అందరూ చిల్లుల డాక్టరమ్మ అనేవాళ్ళు.

“ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అమ్మా?” అంది చిల్లుల డాక్టరమ్మ. “తిత్తి ఉన్న పైకొస మాత్రం కోసేస్తాను. ముప్పాతిక ప్లీహం మీకే ఉంటుంది. అది రక్తంలో దూరిన క్రిముల్ని పట్టే కాపలా. అది లేకపోయినా బతకొచ్చు, నిజమే. కానీ టీకాలు వేయించుకుంటూ, ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు ఆసుపత్రికి పరిగెత్తుతూ బతకాలి. ఇరవైనాలుగ్గంటలూ దగ్గే పిల్లల మధ్య ఉద్యోగమంటే, నేనైతే మానేయమంటాను.”

టీచరమ్మ ఇంకో మాట చెప్పనివ్వలేదు. “ఉంచండి డాక్టరమ్మా. ఎలాగైనా సరే, ఉంచండి. ఆ పిల్లలు లేకపోతే నేనింట్లో ఈయన మొహం చూస్తూ కూర్చోవాలి.”

ఆ మాటకు బాబాయ్ కూడా నవ్వాడు. నవ్వాక కాస్త గుచ్చుకుంది, కానీ అప్పటికే లేచి వచ్చేశారు.

ఇంటికొచ్చాక ఆయన అత్తగారికి విషయం చెప్పడం ఇంకో తంటా అయింది. “ప్లీహమేంటి, గాడిదగుడ్డు! దాన్ని బల్ల అంటారు. మా అమ్మమ్మ కాలం నుంచీ బల్లే. మా పిల్లకి కడుపులో బల్ల పెరిగింది, అంతే,” అని తేల్చేసింది ముసలావిడ.

“బల్ల పెరగదండీ అత్తయ్యగారూ. ఊగుతుంది, విరుగుతుంది, చెదలు పడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను,” అన్నాడు అల్లుడు.

“మీ బల్ల వేరు, మా బల్ల వేరు అల్లుడుగారూ,” అందావిడ. ఆ ఇంట్లో ఆ రోజు అన్నవాటిలో తెలివైన మాట అదొక్కటే, ఎవరూ పట్టించుకోలేదు.

సరిగ్గా ఆ నెలలోనే ఆసుపత్రికి కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. వస్తూనే ఒక ఉత్తర్వు జారీ చేశాడు. కాగితాలన్నీ జనానికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. మంచి ఉత్తర్వే, పాపం. తర్జుమాకు రిటైరైన పంతులుగారొకాయన్ని పెట్టారు. ఆయనకు గ్రాంథికం అంటే మంట, సంస్కృతం అంటే ఒళ్ళు మంట. ప్లీహం అనే మాట కనబడగానే కొట్టేసి, ‘బల్ల’ అని రాశాడు. రాసి, ఆ పూటంతా ఆనందంగా ఉన్నాడు.

ఇక టపా గదిలో కాగితాలు పంచే మనిషి మొదటి మాట చూసి పంచుతాడు. ‘గుండె’ అని మొదలైతే గుండె వార్డుకి, ‘కన్ను’ అంటే కళ్ళ వార్డుకి. ‘బల్ల’ అంటే ఎక్కడికి పంపాలో పసిపిల్లవాడైనా చెబుతాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఎనిమిదికి టీచరమ్మను వార్డులో పచ్చ గౌనులో కూర్చోబెట్టారు. “కాసేపు కూర్చోకూడదూ?” అందావిడ.

“నాలుగే నాలుగు కాగితాలు. గీకేసి వచ్చేస్తాను,” అని ఆయన నేలమాళిగకు దిగిపోయాడు. భయపడ్డప్పుడు మనుషులు రకరకాల చోట్లకు పారిపోతారు. ఆయన ఆఫీసుకు పారిపోయాడు.

మొదటి మూడు కాగితాలూ మామూలువే. ఒక స్టూలు, ఒక మంచం, తలుపు పడని బీరువా. మూడింటినీ కండెం చేశాడు. నాలుగోది తీసి చదివాడు.

‘బల్ల: ఒకటి. వయసు: నలభై ఆరేళ్ళు. స్థితి: పైకొసన తిత్తి ఏర్పడి నీరు చేరింది. ప్రతిపాదన: నాలుగు చిల్లులు చేసి, చెడిన పైకొస మాత్రం కోసి, తక్కిన బల్లను ఉంచడం.’

బాబాయ్‌కి నవ్వాగలేదు. నలభై ఆరేళ్ళ బల్ల! అందులోనూ నీళ్ళు పట్టిన బల్ల! దాన్ని బాగుచెయ్యడానికి ఇంకో నాలుగు చిల్లులట! ఏ తలమాసినవాడు రాశాడో గానీ, వాడికి చెక్క గురించి ఓనమాలు తెలియవు. మామూలుగా ఒక్క ముక్క రాసేవాడు, ఆవేళ ఉత్సాహం పట్టలేక నాలుగు వాక్యాలు రాశాడు: ‘ఇన్నేళ్ళు వాడిన బల్లపై మమకారము తగదు. నీరు పట్టినది నిలువదు. మరమ్మతు దండుగ. పూర్తిగా తొలగించవలెను.’ ముద్ర గుద్దాడు. రోగి పేరు రెండో పేజీలో ఉంది. ఆయనకు రెండో పేజీ తిప్పే అలవాటు లేదు.

కాగితం వచ్చిన దారినే తిరిగి పైకి పోయింది. ఈ ఆసుపత్రిలో ఏ కాగితమూ అంత త్వరగా నడవదు. చెడ్డ పనికి కాళ్ళెక్కువ.

పదిన్నరకు బాబాయ్ ఆపరేషన్ థియేటరు బయట బెంచీ మీద అత్తగారి పక్కన చేరాడు. అప్పటికే టీచరమ్మను లోపలికి తీసుకెళ్ళారు. ఐదు నిమిషాలు కాకముందే హెడ్ నర్సు అట్ట పట్టుకుని బయటకు వచ్చింది.

“బాబాయ్, ప్లాను మారింది. ప్లీహం మొత్తం తీసేస్తున్నారు. పెద్ద సర్జన్‌గారే చేస్తారు. పదకొండింటికి మొదలు.”

ఆయన బెంచీ మీంచి లేచాడు. “మొత్తమా? ఉంచుతామన్నారుగా! దానికోసమే కదా ఆవిడ ఒప్పుకుంది! మార్చిందెవరు?”

“పై నుంచి లిఖితపూర్వకంగా వచ్చింది. కారణాలతో సహా.”

“ఏ దద్దమ్మ రాశాడు కారణాలు? నా భార్యను కళ్ళతో చూశాడా వాడు? మనిషి అవయవమనుకున్నాడా, తుక్కు సామాననుకున్నాడా? నేనొప్పుకోను. నేను సంతకం పెట్టను!”

హెడ్ నర్సు జాలిగా చూసింది. “మీరు ఆల్రెడీ పెట్టేశారు బాబాయ్,” అని కాగితం ఇటు తిప్పింది.

తన ముద్ర, తన సంతకం, తన నాలుగు వాక్యాలు. ‘ఇన్నేళ్ళు వాడిన బల్లపై మమకారము తగదు.’ ఆయన జీవితంలో మొదటిసారి రెండో పేజీ తిప్పాడు. అక్కడ భార్య పేరు, ఇంటి చిరునామా, ‘దగ్గరి బంధువు’ అన్నచోట తన పేరు, అచ్చు తప్పు కూడా లేకుండా ఉన్నాయి.

“ఏంటి అల్లుడుగారూ, ఏం రాశారు?” అంది అత్తగారు.

“బల్ల అనుకున్నానండీ.”

“బల్లే కదయ్యా. నేను మొదట్నుంచీ అదేగా మొత్తుకుంటున్నాను.”

ఆయన పరిగెత్తాడు. యాభై రెండేళ్ళ మనిషి, నడకే తప్ప పరుగు ఎరగనివాడు, మూడంతస్తులు మెట్లెక్కి సూపరింటెండెంటు గదిలో పడ్డాడు. సంగతంతా విని సూపరింటెండెంటు ఒక్కటే ప్రశ్న వేశాడు.

“ఆగవయ్యా. నువ్వు కండెం చేసింది ఆవిడ పడుకున్న బల్లనా, ఆవిడలో ఉన్న బల్లనా?”

“ఆవిడలో ఉన్నదండీ.”

“అమ్మయ్య. థియేటరు బల్ల మొన్ననే వచ్చింది.” ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “నాకూ బాధగానే ఉంది. కానీ ముద్ర పడింది. పెద్ద సర్జన్‌గారు రూలు మనిషి, ముద్ర ఉండగా ఆగడు. కండెం అయినదాన్ని వెనక్కి తేవాలంటే రూలేంటో నీకు తెలుసుగా?”

తెలియకేం? తొమ్మిదేళ్ళ కిందట ఆయన రాసిందే. కండెం చేసిన కుర్చీని ఒక నర్సమ్మ చీకటిచాటున మళ్ళీ వార్డులోకి మోసుకుపోయిందని కక్షకొద్దీ రాశాడు. ముద్ర వేసిన గుమస్తాయే స్వయంగా ఆ వస్తువు ముందు నిలబడి, కళ్ళారా చూసి, తనిఖీ పత్రంలో అన్ని గడులూ నింపి, ‘మరమ్మతుకు తగినది’ అని చేవ్రాలు చేస్తేనే అది మళ్ళీ వాడుకలోకి వస్తుంది. ఆ రూలు వల్ల తొమ్మిదేళ్ళలో ఒక్క కుర్చీ కూడా తిరిగి రాలేదు. ఎవరు తవ్విన గొయ్యి వాళ్ళ కొలతకే సరిపోతుందంటే ఇదే.

“మరైతే వెళ్ళి చూడు,” అన్నాడు సూపరింటెండెంటు. “ఇంకా పదహారు నిమిషాలుంది.”

థియేటరులో ఆయనకు గౌను తొడిగారు, తలకు టోపీ పెట్టారు, మూతికి గుడ్డ కట్టారు. పత్రం కింది అట్టకు ప్లాస్టిక్ తొడుగు వేసి, పెన్నును స్పిరిటుతో తుడిచారు. అలవాటు కొద్దీ తెచ్చుకున్న ఎర్ర రంగు డబ్బా, నంబరు వేసే కుంచె తలుపు దగ్గరే లాక్కున్నారు.

లోపల టీచరమ్మ కుడిపక్కకు ఒత్తిగిలి మత్తులో ఉంది. మొహం కనబడటం లేదు, అడ్డంగా గుడ్డ కట్టారు. ఒక మూల పెద్ద సర్జన్‌గారు చేతులు కడుక్కుని, వాటిని గాల్లోకి లేపి, గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. చిల్లుల డాక్టరమ్మ బాబాయ్ వైపు తిరిగింది. కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, అవి మండుతున్నాయి.

“దండుగ అని రాసింది మీరేనా?”

“నేనేనమ్మా.”

“తర్వాత మాట్లాడతాను మీతో. కెమెరా పెట్టి చూపిస్తాను, రాయండి. మీరు రాసేదాకా నేను కత్తెర పట్టడానికి వీల్లేదట. పదకొండు కొట్టిందంటే పని పెద్దాయనది.”

పొట్టలోకి గాలి నింపి, బొడ్డుకు కాస్త పైన చిన్న గాటు పెట్టి, పెన్నులావు గొట్టంలోంచి కెమెరా దించింది. గోడనున్న తెర వెలిగింది. బాబాయ్ ఆ లోపలి గదిని చూశాడు. పచ్చటి కొవ్వు, నున్నటి గోడలు, ఎక్కడా దుమ్ము లేదు. డాక్టరమ్మ కెమెరాను పేగుల మీదుగా పక్కకు జరిపింది. ముదురు ఊదా రంగులో, మెరుస్తూ, తన పని తాను చేసుకుంటూ ప్లీహం బయటపడింది. దాని నెత్తిన నీలిరంగు బుడగ కూర్చుని ఉంది.

“ఇదిగో, మీ బల్ల,” అంది డాక్టరమ్మ.

ఆయన పత్రం మీదకు వంగాడు. కాళ్ళు ఎన్ని? ‘లేవు.’ చెదలు? ‘లేవు.’ సొరుగులు? ‘కనబడలేదు.’ ఊగుచున్నదా?

ఆ గడి దగ్గర ఆగి తెర వైపు చూశాడు. చూస్తూ చూస్తూ రాయడం మర్చిపోయాడు. ప్లీహం కదులుతోంది. మిషను ఊపిరి పోసినప్పుడల్లా కాస్త దిగి, వదిలినప్పుడల్లా కాస్త పైకి జరుగుతోంది. ఇన్నేళ్ళూ రాత్రి పక్కన పడుకుని, తను గురక పెడుతున్నప్పుడు కూడా, ఇది ఇలాగే కదులుతూ ఉండుంటుంది. ఒక్కసారి కూడా తెలియలేదు తనకు.

“గుమస్తాగారూ, ఎనిమిది నిమిషాలు!” అంది డాక్టరమ్మ.

‘ఊపిరితో పాటు కొద్దిగా,’ అని రాశాడు.

ఎవరి వాడకంలో ఉన్నది? ‘నా భార్య. ఆమె ద్వారా నలభైమంది పిల్లలు, ఆమె తల్లి, నేను.’ ఇంకా ఎన్నేళ్ళు పనికివచ్చును? ఆ ప్రశ్నకు రెండే రెండు గడులున్నాయి. ఒక్కోదానిలో ఒక్కో అంకె పడుతుంది. ఆయన రెండింటిలోనూ తొమ్మిదులు వేశాడు. అడుగున, ఎప్పుడూ రాయని మాట కాబట్టి, అక్షరాలు కూడబలుక్కుంటూ ‘మరమ్మతుకు తగినది’ అని రాసి సంతకం పెట్టాడు. పదకొండుకు మూడు నిమిషాలుంది.

పెద్ద సర్జన్‌గారు వచ్చి పత్రం పైనుంచి కిందదాకా చదివాడు. “తొంభై తొమ్మిదేళ్ళా?”

“గడుల్లో అంతకంటే పట్టదండీ.”

ఆయన బాబాయ్ మొహంలోకి ఒక క్షణం చూశాడు. “పత్రం సక్రమంగానే ఉంది. కానివ్వమ్మా,” అని చేతులు దించుకుని బయటకు వెళ్ళిపోయాడు.

బాబాయ్‌ని వెళ్ళమనడం ఎవరికీ తట్టలేదు, ఆయనకూ తట్టలేదు. గోడకు ఆనుకుని నిలబడి అంతా చూశాడు. డాక్టరమ్మ మరో మూడు చిల్లుల్లోంచి సన్నటి పనిముట్లు దించింది. తిత్తిలో నీళ్ళు గొట్టంతో లాగేస్తే సీసా సగానికి పైగా నిండింది. పైకొసకు వెళ్ళే రక్తనాళానికి రెండు క్లిప్పులు వేసింది. కాసేపటికి ప్లీహం మీద అడ్డంగా ఒక గీత తేలింది. గీతకు పైన రంగు మాసిపోయింది, కింద ఊదారంగు అలాగే ఉంది.

“ఆ గీత ఎవరు గీశారమ్మా?” అన్నాడు, ఆగలేక.

“ఎవరూ గీయలేదండీ. రక్తం అందనిది పైన, అందుతున్నది కింద. ఏది ఉండాలో అదే చెబుతుంది. మనం ఓపికగా చూడాలంతే.” ఆ మాట ఆవిడ కోపంగానే అంది గానీ, కోపం కొంచెం తగ్గింది.

గీతకు కాస్త పైగా, నెత్తురు చింది తెర మసకబారకుండా, కాల్చుకుంటూ కోసుకుంటూ పోవడానికి గంటన్నర పట్టింది. కోసిన ముక్కను సంచిలో వేసి, ఒక చిల్లును కాస్త పెద్దది చేసి అందులోంచి బయటకు లాగారు. మిగిలిన ముప్పాతిక తన చోట తను ఊపిరితో పాటు కదులుతూనే ఉంది. బాబాయ్ అప్పుడు గోడ వారనే కూలబడ్డాడు. డాక్టరమ్మ కుర్చీ తెమ్మంటే, ఒక నర్సు మూడుకాళ్ళ స్టూలు తెచ్చి వేసింది. ఊగుతున్నా సరే, దాని మీదే కూర్చున్నాడు.

టీచరమ్మకు సాయంత్రానికి పూర్తిగా తెలివొచ్చింది. వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని కునికిపాట్లు పడుతోంది. బాబాయ్ మంచం పక్కన నిలబడ్డాడు. పొద్దున్న ఎనిమిదికి కూర్చోవలసిన చోటు అది.

“ఉందా?” అంది, గొంతు గరగరలాడుతూ.

“ఉంది. ముప్పాతిక ఉంది. మళ్ళీ బడికి వెళ్ళొచ్చన్నారు డాక్టరమ్మ.”

ఆవిడ కళ్ళు మూసుకుంది. రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి. అక్కడితో ఊరుకోవచ్చు ఆయన. ఊరుకుంటే ఆవిడకు ఎప్పటికీ తెలిసేది కూడా కాదేమో. కానీ మింగలేక కక్కలేక ఉన్న ఆ మాట, ఆయన ప్రమేయం లేకుండానే బయటకొచ్చేసింది. కాగితం సంగతి, ముద్ర సంగతి, నాలుగు వాక్యాలు, అన్నీ చెప్పాడు. మమకారము తగదన్న ముక్కను కూడా దాచలేదు.

ఆవిడ అంతా విని నెమ్మదిగా అడిగింది.

“నలభై ఆరు అని ఉంది కదా. చూశారుగా. నేను గుర్తు రాలేదా?”

“నీకు నలభై ఒకటో రెండో అనుకుంటున్నాను.”

“నలభై రెండు నాలుగేళ్ళ కిందట.”

“క్షమించు. నాకు తెలియలేదు. చాలా తెలియలేదు నాకు,” అన్నాడాయన. అంటూంటే మొహం ముడుచుకుపోయింది, చిన్నపిల్లాడిలా ముక్కు కారింది. ఆవిడ అలవాటు కొద్దీ చెయ్యి చాపింది, దుప్పటి చెంగుతో తుడిచింది. కుట్లు లాగినట్టున్నాయి, పళ్ళు బిగబట్టింది.

“నేను లోపల ఎలా ఉంటానో నాకే తెలియదు. మీరు కళ్ళారా చూశారట కదా. ఎలా ఉన్నాను?”

వాడుకునే మాటలు రెండే ఉన్న మనిషికి మూడోది వెతుక్కోవడానికి కొంచెం సమయం పట్టింది.

“బాగున్నావు,” అన్నాడు. “చాలా బాగున్నావు.”

ఆవిడ కళ్ళు తెరిచి ఆయన వైపు చూసింది. “పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఈ ఒక్క మాట కోసం నాలుగు చిల్లులు పెట్టించుకోవాల్సొచ్చింది,” అంది. నవ్వబోతే నొప్పి పుట్టి, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి దాహమంది. నర్సు ఇంకా తాగకూడదని, పెదవులు తడపమని దూది ఇచ్చింది. ఆయన గిన్నెలో దూది ముంచి, ఒక్కో చుక్కతో తడుపుతూ, ఆవిడ చాలనేదాకా అక్కడే కూర్చున్నాడు.